కందిరీగ చెప్పిన కబురు

శుక్రవారం పొద్దుటికి త్రినాథ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. అయిదున్నరకి లేవాలి. కందిరీగలు చలికి ముడుచుకుని ఉండగానే వాకిటి సన్‌షేడ్ కింద ఉన్న గూడు దులిపెయ్యాలి. ఆరున్నరకి స్నానం, ఏడింటికి ఇడ్లీ, ఎనిమిదింటికి రాబర్ట్ కారు. పదిన్నరకల్లా భార్య కుమారిని విజయనగరం తీసుకెళ్ళి, ఆమె ఉద్యోగంలో చేరుతూ సంతకం పెడుతుంటే పక్కన నిలబడి ఫొటో తియ్యాలి. ఇందులో మొదటి పని దగ్గరే తేడా వచ్చింది. అతను లేచేసరికి ఆరూ నలభై అయింది.

ఆ గూడు తియ్యమని కుమారి చెప్పి అప్పటికి పన్నెండు రోజులు. త్రినాథ్‌కి నరసన్నపేటలో ఎరువులు, పురుగుమందుల కొట్టు ఉంది. వరికి పట్టే పురుగుల్లో అతనికి తెలియనిది లేదు. చుట్టుపక్కల ఊళ్ళ రైతులు ఆకు తుంచి తెచ్చి బల్ల మీద పెడితే చాలు, టీ గ్లాసు కిందపెట్టకుండానే మందు పేరు చెప్పేస్తాడు. అలాంటి మనిషి ఇంటి గుమ్మం మీదే జానెడు గూడు వేలాడుతుంటే "రేపు తీస్తాను" అంటూ పన్నెండు రేపులు గడిపాడు. ఉన్నమాట చెప్పుకోవాలంటే అతనికి కందిరీగలంటే భయం. ఆ సంగతి బయటపడితే కొట్టు పరువేం కాను? అందుకని తీరిక లేదని చెప్పుకొచ్చాడు.

ముందురోజు సాయంత్రం కుమారి ఇంక ఊరుకోలేదు. "బావా, రేపు నేను గడప దాటే టయానికి ఆ గూడు అక్కడ ఉండకూడదు" అంది.

"ఎల్లిపోయేదానివి, నీకెందుకే దాని గోల?"

"ఉండకూడదంతే."

నర్సింగు చదివిన పిల్ల కదా, రోజూ దాని కిందే కుర్చీ వేసుకుని కూర్చునే మామగారి గురించి బెంగ పెట్టుకుందని త్రినాథ్ అనుకున్నాడు. కుమారికి ఆ ఉద్యోగం రెండుసార్లు తప్పిపోయి మూడోసారి వచ్చింది. శృంగవరపుకోట దగ్గర ఓ పల్లెలో ఆరోగ్య కేంద్రం. ఆర్డరు వచ్చిన రోజున పశువులశాల వెనక్కి వెళ్ళి ఏడ్చింది. శుక్రవారం సాయంత్రం అయిదు లోపల విజయనగరం ఆఫీసులో చేరకపోతే వరసలో తరవాతివాళ్ళని పిలుస్తామని ఆ ఆర్డరు అడుగున నల్లటి అక్షరాలతో రాసి ఉంది. కుమారి ఆ వాక్యాన్ని ఎన్నిసార్లు చదివిందంటే, కాగితం అక్కడే మడత పడిపోయింది.

త్రినాథ్ వానకోటు తొడుక్కుని, హెల్మెట్ పెట్టుకుని, ములక్కాడలు కోసే దోటి చివర గోనె ముక్క చుట్టి, వాకిట్లోకి వచ్చాడు. గూటి కింద కుర్చీలో తండ్రి నరసింగరావు టీ తాగుతున్నాడు.

"నాన్నా, ఓసారి లెగు."

"ఊఁ" అన్నాడు నరసింగరావు. లేవలేదు. ఆయన రోజు మొత్తం మీద మాట్లాడే మాటల్లో సగం అదే.

త్రినాథ్ దోటి పైకెత్తాడు. సరిగ్గా అప్పుడే పాలతపేలా పట్టుకుని అతని తల్లి సుభద్రమ్మ శాలలోంచి వచ్చింది. ఆవిడకి పది రోజుల కిందట కంట్లో శుక్లాలు తీశారు. నిన్ననే కొత్త కళ్ళజోడు వచ్చింది. పదేళ్ళ తరవాత లోకం అంచులతో సహా కనబడుతుంటే ఆవిడ నిన్నటినుంచీ ఒక్కచోట కూర్చోలేదు. ఫ్యాను రెక్కల మీద దుమ్ము చూసింది, కొడుకు తలలో తెల్లవెంట్రుకలు చూసింది, రెండింటికీ కోడలినే నిలదీసింది. ఇప్పుడు తల పైకెత్తి సన్‌షేడ్ వైపు చూసింది.

"ఒరే! ఒరే త్రినాథా! ఆగు! ఆ దోటి దించు!"

"ఏటైందమ్మా?"

"అదేటది?"

"కందిరీగ గూడు."

"ఎన్నాళ్ళయింది పెట్టి? నాకెందుకు సెప్పలేదు?"

"కందిరీగ గూడు పెడితే నీకేటని సెప్పాలి? పెళ్ళి కబురా?"

సుభద్రమ్మ తపేలా కింద పెట్టింది. గూటి వైపు తిరిగి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. తరవాత, సర్టిఫికెట్ల సంచీతో గుమ్మంలోకి వచ్చిన కుమారిని కొత్త అద్దాల్లోంచి పైనుంచి కిందిదాకా చూసి, "ఎన్నో నెలే?" అంది.

త్రినాథ్ పకపకా నవ్వాడు. హెల్మెట్ లోపల నవ్వు కాబట్టి అతనికొక్కడికే వినపడింది.

"నవ్వకు. ఇంట్లో కందిరీగ గూడెట్టిందంటే ఆ ఇంట్లో ఆడది నీళ్ళోసుకున్నట్టే. మా అమ్మ సెప్పింది, దానికి వాళ్ళమ్మ సెప్పింది. నువ్వు కడుపులో పడినప్పుడూ దూలానికి పెట్టింది."

"అమ్మా, నువ్వు సెప్పేది మట్టి గూడు. దాన్ని కట్టేది ఒంటరి పురుగు. దాని జోలికెల్తే తప్ప ఎవల్నీ కుట్టదు. ఇది కాయితం గూడు. గుంపు. ఇయి కుడతాయి."

"మట్టి గూడు మా కాలంలోది. ఇప్పుడు ఊళ్ళో ఎవలు మట్టితో కడతన్నారు?"

పురుగుల శాస్త్రంలో దీనికి జవాబు లేదు. త్రినాథ్ సాయం కోసం భార్య వైపు చూశాడు. నవ్వుతుందనుకున్న కుమారి నవ్వలేదు. "కారొచ్చే టయమైందత్తా" అని మాత్రం అంది.

"కారా! మూడో నెల దాటేదాకా కారూ లేదు, బస్సూ లేదు. నాలుగేళ్ళు ఎదురుసూసి ఏడుకొండలోడికి మొక్కితే ఇప్పుడు కరుణించాడు. ఈ పిల్లని గతుకుల్లో పంపిస్తానా? ఉద్యోగం పోతే మరోటి వస్తాది."

"రాదత్తా" అంది కుమారి నెమ్మదిగా. ఆ మాట సుభద్రమ్మ వినిపించుకోలేదు.

"అమ్మా, నువ్వు సెప్పేదాంట్లో ఏటైనా అర్థముందా?" అంటూ త్రినాథ్ తల్లి వైపు గిర్రున తిరిగాడు. అతను తిరిగితే అతని చేతిలో ఉన్న పన్నెండడుగుల దోటి కూడా తిరిగింది. గోనె చుట్టిన కొస వెళ్ళి గూటికి తగిలింది. గూడు ఊడలేదు. అందులోవాళ్ళకి మెలకువ మాత్రం వచ్చింది.

వానకోటులో ఉన్నవాడిని అవి ముట్టుకోలేదు. టీ తాగుతున్నవాడి పై పెదవి మీద ఒకటి కుట్టింది. నరసింగరావు ఈసారి "ఊఁ" అనలేదు. గ్లాసు వదిలేసి, మూతి రెండు చేతులతో మూసుకుని, వయసుకి మించిన వేగంతో ఇంట్లోకి వచ్చిపడ్డాడు.

కుమారి ఒక చేత్తో సబ్బు, ఇంకో చేత్తో ఫ్రిజ్‌లోంచి ఐసుగడ్డలు తెచ్చి తువ్వాల్లో చుట్టింది. "ముందు కడగాలి మావా. కందిరీగ ముల్లు వదలదు, గోకొద్దు. ఐసు పెడితే వాపు దిగుతాది" అంటుండగానే సుభద్రమ్మ తమలపాకుల పళ్ళెంలోంచి సున్నపుకాయ పట్టుకుని అడ్డం వచ్చింది.

"ఐసేటి, జలుబు సేస్తాది! ఈ ఇంట్లో నలభై ఏళ్ళుగా తేలుకైనా జెర్రికైనా సున్నమే."

"సున్నం చర్మాన్ని కాలుస్తాదత్తా."

"కాలాలి. లేపోతే విషమెలా ఇరుగుతాది?"

పెదవి వాచిపోయిన మనిషికి అభిప్రాయం చెప్పే వీలు లేదు. సున్నం పెట్టారు. మంట తగ్గలేదని దానిమీద పసుపు అద్దారు. సున్నమూ పసుపూ కలిస్తే ఏమవుతుందో పెళ్ళిళ్ళు చేసిన ఇంట్లో వేరే చెప్పక్కర్లేదు. రెండు నిమిషాల్లో నరసింగరావు మూతి చుట్టూ చిక్కటి పారాణి తేలింది. ఆపైన సగం కోసిన ఉల్లిపాయ చేతికిచ్చి రుద్దుకోమన్నారు. ఆయన గోడ మూల చేరి, ఉల్లిపాయ ఘాటుకో, మంటకో, రెండిటికీ కలిపో కన్నీళ్ళు కారుస్తూ కూర్చున్నాడు.

ఎనిమిదింటికి రాబర్ట్ కారు హారన్ కొట్టింది. రాబర్ట్, త్రినాథ్ ఒకే బెంచీలో చదువుకున్నారు. రాబర్ట్‌కి వారం పొడుగునా కారు, ఆదివారం చర్చిలో తబలా. విజయనగరం ప్రయాణం కదా అని ఆవేళ తలకి సంపంగి నూనె దట్టించి, చొక్కాకి సెంటు కొట్టుకుని వచ్చాడు. "అన్నా, అక్కడే ఆగండి!" అని కుమారి కిటికీలోంచి అరిచింది. కంగారు పడిన కందిరీగలకి సువాసన గిట్టదు. అంతదూరం నుంచి ఆ పిల్ల అరుస్తోందంటే పిలుస్తోందనుకుని రాబర్ట్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఎడమ కంటి రెప్ప మీద కుట్టింది.

"ఓరి నాయనో! పేస్టు! పేస్టు తెండి! మా అమ్మ పేస్టే రాసీది!"

సుభద్రమ్మ మళ్ళీ సున్నపుకాయతో బయల్దేరింది. ఈసారి కుమారి ఆవిడ చెయ్యి పట్టుకుంది. "కంటికి సున్నమా అత్తా? సూపు పోతాది."

కంటిచూపు మీద సుభద్రమ్మకి ఈమధ్యనే గౌరవం కలిగింది. కళ్ళజోడు సర్దుకుని వెనక్కి తగ్గింది. కుమారి రాబర్ట్ మొహం కడిగి, కన్ను మూయించి, ఐసు తువ్వాలు అద్దుతూ ఉండమని చెప్పి, ఓ మాత్ర మింగించింది. రెండు గంటల్లో కన్ను తెరుచుకుంటుందంది. అంటే పది. త్రినాథ్ వేళ్ళ మీద లెక్కపెట్టాడు. పదికి బయల్దేరినా పన్నెండున్నరకి విజయనగరం. ఇంకా నాలుగున్నర గంటలు చేతిలో ఉంటాయి. కంగారు పడాల్సిందేమీ లేదు.

అప్పుడు సుభద్రమ్మ వెళ్ళి గడప మీద కాళ్ళు బారజాపుకుని కూర్చుంది.

"అమ్మా, గడప మీద కూకోకూడదని నువ్వే అంటావు కదా."

"దొడ్డి తలుపుకి తాళమేశాను. తాళంసెవి నా బొడ్లో ఉన్నాది. ఇంకేటైనా అడుగుతావా?"

ఆవిడ కూర్చున్నచోటి నుంచే కోటబొమ్మాళిలో ఉన్న అక్క బుల్లమ్మకి ఫోన్ చేసింది. కొత్త కళ్ళజోడుతో నంబరు తనే చూసి నొక్కడం అదే మొదలు. "అప్పా, మనింట గూడెట్టిందే!" అంది. అవతల బుల్లమ్మ ఏ గూడని అడగలేదు, ఎవరికని అడగలేదు. "ఓలమ్మో, నా బంగారు తల్లే!" అని ఏడ్చేసింది. తొమ్మిదిన్నర కాకుండా స్టీలు డబ్బా నిండా చలిమిడితో ఆటో దిగింది. దారి పొడుగునా ఆటోలో పక్కనున్నవాళ్ళకి కబురు చెప్పుకుంటూ వచ్చింది. పక్కనున్నది ఊరి ఆశా కార్యకర్త ప్రిస్కిల్లా కావడంతో ఆవిడా వెంటే దిగింది.

త్రినాథ్ వానకోటు విప్పకుండా వాకిట్లో నిలబడి, ఒక్కొక్కరికీ గోనె కప్పి, వంగి నడవమని చెప్పి, సన్‌షేడ్ కిందనుంచి లోపలికి చేరవేశాడు. సుభద్రమ్మ వచ్చేవాళ్ళకి మాత్రం కాళ్ళు ముడిచి దారిచ్చింది.

ప్రిస్కిల్లా కూర్చుంటూనే ఫోన్ తీసింది. "ఎన్నో నెలమ్మా? కిందటిసారి ముట్టు స్నానం ఎప్పుడు? పేరెక్కించీయాలి. ఆలస్యమైతే మా మేడమ్ నన్ను తింటాది."

"ఎక్కించడానికేటీ లేదు సిస్టరు, ఇదంతా ఆ గూడు చేసిన గొడవ" అన్నాడు త్రినాథ్.

"ఉన్నాదో లేదో ఇప్పుడే తేలిపోతాది. నా సంచీలో టెస్టు ఉన్నాది. అయిదు నిమిషాల పని."

త్రినాథ్‌కి పోయిన ప్రాణం లేచొచ్చింది. పొద్దున్నించీ తన బుర్రకి తట్టనిది ఇదే కదా! ఒక్క గీత వస్తుంది. అమ్మ లేస్తుంది. కారు కదులుతుంది. అతను హెల్మెట్ తీసి, తల్లి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"అమ్మా, అందరి ముందూ అడుగుతన్నాను. ఒక్క గీతొస్తే ఈ గడప మీంచి లెగుస్తావా?"

"లెగుస్తాను."

"మాట?"

"మాటే. రెండొస్తే నువ్వు నోరు మూసుకుంటావా?"

"మూసుకుంటాను" అన్నాడు త్రినాథ్ ధీమాగా.

"అవసరం లేదు బావా" అంది కుమారి.

"అవసరమే కుమారీ. ఇదొక్కటే దారి."

"బావా, వద్దంటన్నాను."

"నీ ఉద్యోగం కోసమే కదే సెప్తన్నాను! అయిదు నిమిషాలు!"

కుమారి అతని వైపు చాలాసేపు చూసింది. ఆ చూపు అర్థం చేసుకోవడానికి త్రినాథ్‌కి సరిగ్గా అయిదు నిమిషాలు పట్టింది. ప్రిస్కిల్లా ఆ బద్దని కిటికీ వెలుతురులో పెట్టి చూసి, "ప్రభువుకి స్తోత్రం. రెండు" అంది.

"రెండా? డేటు సూడండి సిస్టరు! డేటు అయిపోయిన సరుకేమో!" అన్నాడు పురుగుమందుల వ్యాపారి. డేటు ఇంకా ఏడాది ఉంది.

బుల్లమ్మ చలిమిడి డబ్బా మూత తీసింది. సుభద్రమ్మ గడప మీంచి లేవకుండానే పైట చెంగుతో కళ్ళజోడు అద్దాలు తుడుచుకుంది. కుమారి త్రినాథ్‌ని వానకోటు పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్ళింది.

"నాకు పన్నెండు రోజుల కిందటే తెలుసు" అంది.

"మరి... గూడు తీసీమన్నది..."

"అదే రోజు. అత్తకి కళ్ళొచ్చేలోపు తీసీమన్నాను. ఆ గూడు సూస్తే ఏటంటాదో నాకు తెలీదా? మా ఊళ్ళోనూ ఇదే మాట."

"నాకైనా సెప్పొచ్చు కదే."

"నీకు సెప్తే నోటితో సెప్పవు బావా, నీ మొహం ఊరంతా సెప్పేస్తాది. సంతకం పెట్టీసి, అక్కడినించే ఫోన్ సేసి ముందు నీకే సెప్దామనుకున్నాను. నాకు రెండూ కావాలి. అది తప్పా?" అంటూ గిన్నెల వైపు తిరిగి నిలబడింది. భుజాలు కదులుతున్నాయి.

త్రినాథ్‌కి సంతోషమూ సిగ్గూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. తండ్రి కాబోతున్నాడు. అందుకు తను చేసిన మొదటి ఘనకార్యం ఆ బిడ్డ తల్లి ఉద్యోగానికి స్వయంగా అడ్డం పడటం. "తప్పు కాదు" అని మాత్రం అనగలిగాడు. ఇచ్చిన మాట తప్పినా సరే, తల్లి కాళ్ళ మీద పడదామని నిశ్చయించుకుని బయటికి వచ్చాడు.

గడప ఖాళీగా ఉంది. వాకిట్లోంచి సాంబ్రాణి వాసన వస్తోంది.

కబురు తెచ్చిన గూటిని ఒట్టిచేతులతో వదిలెయ్యకూడదని బుల్లమ్మ అంది. పసుపూ కుంకుమా చల్లి ధూపం వెయ్యాలంది. సుభద్రమ్మ నిప్పుల పళ్ళెం పట్టుకుంది. బుల్లమ్మ విసనకర్రతో ఆ పొగని జాగ్రత్తగా, భక్తిగా, ఎక్కడా వృథా కాకుండా నేరుగా గూట్లోకి విసిరింది.

"వద్దూ!" అని త్రినాథ్ అరిచేసరికి అయిపోయింది. బుల్లమ్మకి మెడ మీద రెండు, చేతి మీద ఒకటి కుట్టాయి.

అందరూ లోపలికొచ్చి తలుపు మూశారు. "ఏటీ కాదు, మంచి పనికెల్లి కుట్టించుకున్నాను, పుణ్యమే" అంది బుల్లమ్మ మొదట. సుభద్రమ్మ సున్నపుకాయ అందుకుంది. అంతలో బుల్లమ్మ చేతుల నిండా దద్దుర్లు తేలాయి. మొహం ఎర్రగా పొంగింది. "సుభద్రా, గొంతుకేటో బిగిసినట్టున్నాది" అంది. గొంతు ఆవిడ గొంతులా లేదు.

కుమారి వంటింట్లోంచి వచ్చి ఒక్కసారి చూసింది. నాలుగేళ్ళ కాపురంలో మొదటిసారి అత్త చేతిలోంచి సున్నపుకాయ లాగి అవతల పడేసింది. "ఇది సున్నానికి తగ్గేది కాదు. ఐసుకీ తగ్గేది కాదు. ఊపిరి ఆడకపోతే ఇంటి వైద్యం ఏదీ పనికిరాదు. ఇప్పుడే ఆస్పత్రికి ఎల్లాలి. రాబర్టన్నా, కన్ను తెరుచుకుందా?"

రాబర్ట్ తువ్వాలు తీశాడు. ఎడమ కన్ను కాస్త ఉబ్బి ఉంది కానీ తెరుచుకుంది. చెప్పిన టైముకి సరిగ్గా తెరుచుకుంది. సుభద్రమ్మ ఆ కంటిని చూసింది. తరవాత గోడ మూలనున్న మొగుడి పెదవిని చూసింది. అది కాకరకాయంత అయింది.

వానకోటు త్రినాథ్ ఒంటి మీదే ఉంది. అతను దాన్ని గొడుగులా పరిచి పట్టుకుంటే ఆ కిందనుంచి బుల్లమ్మని కారుకి చేర్చారు. "కుమారేదిరా? కుమారిని ఎక్కించండి! అది లేపోతే దారిలో మా అప్పని ఎవలు సూస్తారు?" అని సుభద్రమ్మ గావుకేకలు పెట్టింది. కుమారి అప్పటికే వెనకసీట్లో బుల్లమ్మని ఆనించుకుని కూర్చుని ఉంది. సుభద్రమ్మ రెండో పక్కన ఎక్కింది. నరసింగరావు ఎవరూ రమ్మనకపోయినా వచ్చి ముందుసీట్లో కూర్చున్నాడు. త్రినాథ్ ఆ రోజు మొత్తానికి చేసిన తెలివైన పని ఒక్కటే. గుమ్మంలో పడున్న సర్టిఫికెట్ల సంచీ తీసి కారు డిక్కీలో పడేశాడు. తను మోటారుసైకిల్ మీద వెనకే వెళ్ళాడు.

నరసన్నపేట ఆస్పత్రిలో డాక్టరు పరుగున వచ్చి, పారాణి మూతి చూసి, ముందు నరసింగరావుని పట్టుకుని మంచం ఎక్కించబోయాడు. "ఆయన కాదు సార్, ఈవిడ! కందిరీగ కుట్టి పది నిమిషాలైంది, దద్దుర్లు, గొంతు బిగిసింది" అని కుమారి చెప్పింది. సూది పడింది. ఇరవై నిమిషాలకి బుల్లమ్మ కళ్ళు తెరిచి, చలిమిడి డబ్బాకి మూత పెట్టారా లేదా అని అడిగింది.

"ఇంకాస్త ఆలస్యమైతే కష్టమయ్యేది. సాయంత్రందాకా ఇక్కడే ఉంచండి" అని డాక్టరు కుమారి వైపు తిరిగి, "మీరెక్కడ పనిచేస్తున్నారు?" అన్నాడు.

కుమారి గోడ గడియారం చూసింది. పదకొండుంబావు. "ఇంకా ఎక్కడా లేదు సార్" అంది.

సుభద్రమ్మ బెంచీ మీద కూర్చుని ఉంది. కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకుంది. కోడలిని ఇంత దగ్గరగా, ఇంత స్పష్టంగా చూడటం ఆవిడకి అదే మొదలేమో.

"ఒరే త్రినాథా, ఇజీనారం ఇక్కడికెంత దూరం?"

"రెండు గంటలు."

"అయితే అయిదు లోపు ఎల్లొచ్చు."

త్రినాథ్ నమ్మలేకపోయాడు. నోరు మూసుకుంటానని మాటిచ్చిన సంగతి కూడా మర్చిపోయాడు. "మూడు నెలలు కారెక్కకూడదన్నావు కదమ్మా?"

"ఎక్కకూడదన్నాను. ఎక్కీసింది కదా. ఎక్కినోళ్ళు ఎక్కినట్టే ఎల్లాలి, మధ్యలో దిగి మళ్ళీ ఎక్కితేనే దోషం" అని సుభద్రమ్మ లేచి, పైట దోపుకుంది. "నేనూ ఎల్తన్నాను. ఆ ఊళ్ళో దీనికి వండిపెట్టేదెవలు? పని సేసి వచ్చి, వాంతులు సేసుకుంటా పొయ్యి ముట్టించుకుంటాదా? నువ్వు ఇక్కడ మా అప్పని సూసుకో, మీ నాన్నని సూసుకో. గూడు మాత్రం ముట్టుకున్నావంటే సంపేస్తాను."

కుమారి అత్త చెయ్యి పట్టుకుంది. సుభద్రమ్మే "ఏడవకే, సంతకం తడుస్తాది" అని ముందుకు నడిచింది.

కారు వెళ్ళిపోయాక నరసింగరావు ఆ రోజు మొదటిసారి "ఊఁ" కాని మాట మాట్లాడాడు. పెదవి వాచి ఉండటం వల్ల మాటలు మెల్లగా వచ్చాయి. "రెండు నెల్లుగా దాని కిందే కూకుంటన్నాను. నన్నేటీ అన్లేదు. మీరు మాటాడ్డం మొదలెట్టాకే కుట్టింది."

త్రినాథ్ తియ్యాలనుకున్న ఫొటో రాబర్ట్ తీసి పంపాడు. మధ్యాహ్నం రెండుంబావుకి సంతకం. ఫొటోలో కొత్త కళ్ళజోడుతో సుభద్రమ్మ నిండుగా ఉంది. ఆవిడ భుజం పక్కనుంచి కుమారి సగం కనబడుతూ నవ్వుతోంది. త్రినాథ్ దాన్ని బుల్లమ్మకి చూపించి, తండ్రికి చూపించి, కొట్టుకి వచ్చిన ప్రతి రైతుకీ చూపించాడు. అతని మొహం మిగతాది కూడా చెప్పేసింది.

సోమవారం కుమారి ఆ పల్లెలో పనిలోకి దిగింది. అదే రోజు త్రినాథ్ బియ్యం, గిన్నెలు, తల్లి మర్చిపోయిన కంటి మందు మూటకట్టుకుని ఆరోగ్య కేంద్రానికి వచ్చాడు. తెల్లవారుజామున బయల్దేరుతూ, ఇంతకాలం ఏమీ చెయ్యలేదు కదా అన్న ధైర్యంతో వానకోటు లేకుండా ముందు గుమ్మంలోంచి బయటికి నడిచాడట. ఇంట్లో ఐసు లేదట. తండ్రికి తెలిసిన వైద్యం తండ్రి చేశాడట. కుమారి కొత్త రిజిస్టరు తెరిచి, మొదటి పేజీలో మొదటి వరసలో, పేరు త్రినాథ్ అని, వయసు ముప్ఫైనాలుగని, ముక్కు మీద కందిరీగ కుట్టినది, సున్నం రాయబడినది అని రాసింది. వృత్తి అన్న గడి దగ్గర ఆమె కలం ఒక్క క్షణం ఆగింది. తరవాత ఉన్నదున్నట్టే రాసింది, పురుగుమందుల వ్యాపారం అని.